వాహన సందేహాలు: పాత సెలికాకు టర్బో పెట్టే ముందు

ప్రశ్న: మాది అనంతపురం. మా మేనమామ గారు సింగపూర్ నుంచి తెచ్చుకున్న 1991 నాటి టయోటా సెలికా కూపే ఇప్పుడు నా దగ్గర ఉంది. అందులోనిది రెండు లీటర్ల 3ఎస్-జీఈ ఇంజిన్, టర్బో లేదు. తెలిసిన మెకానిక్ ఒకరు, ఇంజిన్ విప్పనవసరం లేదనీ, టర్బో బిగించి 0.5 బార్ ప్రెషర్ పెట్టుకుంటే చాలుననీ అంటున్నారు. ఇంజిన్‌ను పూర్తిగా తయారు చేయించాలా, ఆయన చెప్పినట్లు చేయవచ్చా? బండిని హైవే మీద, అప్పుడప్పుడు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నడపాలని నా కోరిక.

జవాబు: ఇంజిన్‌ను విప్పించండి. టర్బోను అన్నిటికంటే చివర కొనండి. మీ మెకానిక్ గారి సలహాతో బండి మొదటి నెల బ్రహ్మాండంగా పరిగెత్తుతుంది, అందులో సందేహం లేదు. మే నెలలో 44వ నంబరు జాతీయ రహదారి మీద, ఏసీ వేసుకుని, నిండు లోడుతో గుత్తి దాకా వెళ్లి వచ్చేటప్పుడు అదే ఇంజిన్ పరిస్థితి ఏమిటన్నదే నా ఆందోళన.

టర్బో చేసే పని గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపడం. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. ఆ వేడి ఎక్కువైతే సిలిండర్‌లోని పెట్రోలు-గాలి మిశ్రమం మంట చేరకముందే తనంతట తానే పేలుతుంది, దీన్నే నాకింగ్ అంటారు. బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు 0.5 బార్ ప్రెషర్‌తో నొక్కితే, 70 శాతం సామర్థ్యంతో పనిచేసే మంచి కంప్రెసర్ నుంచి కూడా గాలి సుమారు 97 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. 20 డిగ్రీల చల్లని ఊళ్లో అయితే అదే గాలి 71 డిగ్రీల దగ్గర ఆగుతుంది. విదేశీయుల బండ్లలో చెల్లిన లెక్కలు మన రాయలసీమ ఎండలో చెల్లకపోవడానికి ఈ 26 డిగ్రీల తేడాయే కారణం. గాలి బాగా తగిలే చోట, బంపర్ వెనుక, పెద్ద ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటిది) పెట్టి ఆ 97ను 60 దగ్గరికి దించగలిగితేనే తక్కిన విషయాలు మాట్లాడుకోవడానికి వీలవుతుంది.

ఇక కంప్రెషన్, అంటే సిలిండర్‌లోని మిశ్రమాన్ని పిస్టన్ ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క. అది ఎక్కువైతే నాకింగ్ ముప్పూ ఎక్కువే. మీ ఇంజిన్‌ది 10:1. ఇదే కుటుంబానికి చెందిన 3ఎస్-జీటీఈ టర్బో ఇంజిన్‌ను ఆ రోజుల్లో సెలికా జీటీ-ఫోర్‌లో పెట్టినప్పుడు కంపెనీ వారు దాన్ని 8.8:1కి దించారు, పిస్టన్ల కింద ఆయిల్ చిమ్మే జెట్లు కూడా అమర్చారు. ఆ ఇంజిన్‌తోనే కార్లోస్ సైన్జ్ 1992లో ప్రపంచ ర్యాలీ చాంపియన్ అయ్యారు. మీ ఇంజిన్‌లో బోర్ (సిలిండర్ వెడల్పు) 86 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 86 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్కో సిలిండర్ సుమారు 499.5 సి.సి. పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు ఇప్పుడు 55.5 సి.సి.; 8.8:1 కావాలంటే అది 64 సి.సి. ఉండాలి. ఆ 8.5 సి.సి. తేడాను దళసరి హెడ్ గ్యాస్కెట్‌తో (బ్లాక్‌కూ హెడ్‌కూ మధ్య పెట్టే రేకుతో) తెద్దామనుకుంటే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు అదనంగా పెట్టాల్సి వస్తుంది. అలా చేస్తే పిస్టన్ అంచుకూ హెడ్‌కూ మధ్య సందు పెరిగి, మిశ్రమం సరిగా కలియక, తగ్గించాలనుకున్న నాకింగ్ మరో దారిలో తిరిగి వస్తుంది. అందువల్ల తలలో గుంట ఉన్న ఫోర్జ్డ్ (పోత పోయకుండా, నొక్కి గట్టిగా చేసిన) పిస్టన్లు వేయించడమే సరైన మార్గమని నా అభిప్రాయం. ఖర్చు ఎక్కువే, అయినా ఈ పనిలో పొదుపు చేయకూడని చోటు ఇదొక్కటే.

నేను కర్నూలులో పని చేస్తున్న రోజుల్లో, ఇంజిన్ విప్పకుండానే టర్బో పెట్టిన ఒక పాత కూపే మా షెడ్డుకు వచ్చింది. పికప్ పోయిందనీ, నీలి పొగ వస్తోందనీ చెప్పారు. స్పార్క్ ప్లగ్ తీసి, తెల్లని పింగాణీని వెలుతురులో దగ్గర పెట్టి చూస్తే, మిరియాల పొడి చల్లినట్లు సన్నని మచ్చలు కనిపించాయి. భూతద్దం పెట్టి చూశాక వాటిలో కొన్ని మెరిశాయి: అవి పిస్టన్ నుంచి ఊడి, కరిగి, ప్లగ్‌కు అంటుకున్న అల్యూమినియం బిందువులు. హెడ్ దించి పిస్టన్లు బయటికి తీస్తే, మూడోదాని రెండు రింగుల మధ్య గట్టు గోరంత మేర విరిగి పోయి ఉంది. ఆ యజమాని ఇంజిన్ శబ్దంలో ఏ మార్పూ వినలేదన్నారు, నేను నమ్మాను. వేగంగా వెళ్తున్న బండిలో నాకింగ్ చెవికి వినిపించదు. అందుకే ట్యూనింగ్ సమయంలో నాక్ సెన్సర్‌తో వినే పరికరం పెట్టించమని నేను పట్టుబడతాను.

మీ బ్లాక్ పోత ఇనుముది, గట్టిది. అయినా మొదట నాలుగు సిలిండర్లకు కంప్రెషన్ పరీక్ష, లీక్ పరీక్ష చేయించి, తరువాత బోర్ గేజ్‌తో పైన, మధ్య, కింద కొలిపించండి. అరుగుదల ఉంటే కొత్త పిస్టన్లు చేతికి వచ్చాకనే, వాటిని కొలిచి, రీబోర్ చేయించండి, అంటే సిలిండర్లను ఆ కొలతకు కోయించండి. లేత్ వారు ముందే కోసేస్తామంటే ఒప్పుకోకండి. టర్బో ఇంజిన్‌లో రింగులు ఎక్కువ వేడెక్కి వ్యాకోచిస్తాయి కనుక పై రింగు కొసల మధ్య సందు 86 మిల్లీమీటర్ల బోర్‌కు 0.4 మిల్లీమీటర్లకు కొంచెం పైన ఉండాలి. కచ్చితమైన కొలత పిస్టన్ పెట్టెలోని కాగితంలో ఉంటుంది, దాన్నే పాటించండి.

పెట్రోలు సంగతి చాలామంది మరచిపోతున్నారు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నాకింగ్‌ను తట్టుకోవడానికి సాయపడుతుంది గానీ, బరువులో ఒక పాలు శుద్ధ పెట్రోలుకు 14.7 పాళ్లు గాలి సరిపోతే ఈ కలిపిన పెట్రోలుకు సుమారు 13.5 పాళ్లే కావాలి. పాత లెక్కల ప్రకారం ఇంధనం చిమ్మే ఈసీయూతో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌తో) యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే మిశ్రమం 8 శాతం వరకు పలచబడుతుంది, టర్బో ఇంజిన్‌కు ప్రాణం మీదికి తెచ్చే పలుచన అది. ప్రెషర్‌ను కొలిచే మ్యాప్ సెన్సర్ ఉన్న స్టాండలోన్ (కంపెనీది కాక విడిగా కొని ట్యూన్ చేసుకునే) ఈసీయూ, పెద్ద ఇంజెక్టర్లు, పొగను బట్టి మిశ్రమాన్ని కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ తప్పనిసరి. ప్రెషర్ కింద లాంబ్డా 0.8 దగ్గర, అంటే సరిపోయే గాలిలో 80 శాతమే ఉండేలా, ట్యూన్ చేయించండి. 1991 నాటి రబ్బరు పెట్రోలు పైపులన్నిటినీ ఇథనాల్ తట్టుకునే రకంతో మార్చండి. వేడెక్కిన టర్బో పక్కన పెట్రోలు కారడమంటే అగ్ని ప్రమాదమే.

క్లచ్, బ్రేకులు, రేడియేటర్ కూడా మారాలి, వాటి గురించి విడిగా చెప్పనవసరం లేదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను కచ్చితంగా పాటించాలని చెప్పింది. మీ బ్లాక్‌నే ఉంచుకుంటే ఇంజిన్ నంబరు మారదు గానీ, దానితోనే అన్నీ సక్రమమైనట్లు కాదు. పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ రాతపూర్వకంగా అడగండి. అనుమతి రాకపోతే ఆ బండిని ట్రాక్‌కే పరిమితం చేసి, లారీ మీద తీసుకువెళ్లండి.

ప్రశ్న: నా పాత కూపేకు ఈ మధ్యే టర్బో పెట్టించాను. ఆపే ముందు ఇంజిన్‌ను కాసేపు అలాగే తిరగనివ్వాలా? (ఒక పాఠకుడు, కడప)

జవాబు: గువ్వలచెరువు ఘాట్‌ను వేగంగా ఎక్కి, పాలకోవా కోసం ఆగగానే తాళం తిప్పేస్తే, ఆయిల్ ప్రవాహం నిలిచిపోయి, టర్బో బేరింగ్‌లో మిగిలిన ఆయిల్ మాడి నల్లని పెళుసుగా పేరుకుంటుంది. ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి ఆపండి. చివరి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా వస్తే అదీ అక్కరలేదు. టర్బో మధ్య భాగానికి కూలెంట్ పైపులు బిగించారో లేదో మాత్రం ఈ రోజే బానెట్ ఎత్తి చూడండి. కొందరు వాటిని వదిలేసి మూతలు పెట్టేస్తున్నారు.