1,200 అని కొడితే ఆగిపోయిన ప్రోగ్రామ్

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. నాన్నగారి కొబ్బరి లెక్కల కోసం పైథాన్‌లో, బటన్లు లేకుండా టైప్ చేసి వాడే కమాండ్ లైన్ ప్రోగ్రామ్ రాశాను. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో చూపిస్తే, ఒక సార్ కాయల సంఖ్య అడిగిన చోట 1,200 అని కామా పెట్టి కొట్టారు. స్క్రీన్ నిండా ఎర్రర్ వచ్చి ఆగిపోయింది. సెలెక్ట్ కాలేదు. నాకు కోడింగ్ రాదేమోనని టెన్షన్‌గా ఉంది. సలహా చెప్పండి సార్.

జవాబు: ఇంట్లో అవసరం చూసి ప్రోగ్రామ్ రాసిన అమ్మాయికి కోడింగ్ రాదని నేననను. ఆ సార్ కొట్టింది కూడా తప్పు కాదమ్మా. చెట్ల నుంచి కాయల దింపు తీశాక పుస్తకంలో ఎవరైనా 1,200 అనే రాసుకుంటారు. టైప్ చేసినదాన్ని సంఖ్యగా మార్చే పైథాన్ ఇంట్ ఫంక్షన్‌కే కామా పడదు, ఈ విలువ చెల్లదంటూ వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. అదే -50 అని కొడితే కిక్కురుమనకుండా తీసుకుంటుంది. నాకు దాంతోనే ఎక్కువ భయం. ప్రోగ్రామ్ ఆగిపోతే వెంటనే తెలుస్తుంది. మైనస్ కాయలు లెక్కలో కలిసిపోతే డబ్బు చేతికొచ్చే రోజు దాకా తెలియదు.

ముందు కామాలు తీసేసి చదువు. సున్నా కంటే తక్కువైతే ఒప్పుకోకు. తప్పు వస్తే ఏం చేయాలో చెప్పే ట్రై, ఎక్సెప్ట్ రాసేటప్పుడు వాల్యూ ఎర్రర్ ఒక్కదాన్నే పట్టుకో. పేరు లేకుండా ఉత్త ఎక్సెప్ట్ రాస్తే, మళ్లీ మళ్లీ అడిగే లూప్‌లోంచి, ప్రోగ్రామ్‌ను ఆపే కంట్రోల్ సీ కొట్టినా బయటికి రాలేరు, నీ కోడ్‌లోని అసలు తప్పులూ కనబడవు. తప్పు రాగానే సున్నా వేసేసి ముందుకెళ్లడం మాత్రం లెక్కల్లో అస్సలు వద్దు.

‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అంటే నాన్నగారికి ఏం తెలుస్తుంది? “మీరు ‘పన్నెండొందలు’ అని ఇచ్చారు. అంకెల్లో ఇవ్వండి, ఉదాహరణకు 1200” అని చెప్పి, ఆ ఒక్క ప్రశ్నే మళ్లీ అడుగు. అంతకుముందు ఇచ్చినవి పోకూడదు. విలువల్ని కమాండ్‌తో పాటే ఇచ్చే పద్ధతైతే మళ్లీ అడగకుండా ఆగిపోవడమే మంచిది. మెసేజ్ స్టాండర్డ్ ఎర్రర్‌లోకి, అంటే తప్పుల మెసేజ్‌లకు వేరుగా ఉండే దారిలోకి వెళ్లాలి, ఆగేటప్పుడు ప్రోగ్రామ్ ఇచ్చే ఎగ్జిట్ కోడ్ సున్నా కాకూడదు, సున్నా అంటే అంతా సరిగ్గా జరిగిందని అర్థం. కమాండ్‌తో ఇచ్చిన విలువల్ని చదివే పైథాన్ మాడ్యూల్ ఆర్గ్‌పార్స్ వాడితే ఈ పని తనే చేసి 2 కోడ్‌తో ఆగుతుంది.

తర్వాత లాప్‌టాప్ నాన్నగారి చేతికిచ్చి పక్కన కూర్చో. ఏమీ చెప్పకు. ఖాళీగా ఎంటర్ కొడతారు, ‘వంద’ అని రాస్తారు, ఇంకేమైనా చేస్తారు. అన్నీ రాసుకో, అవే నీ టెస్ట్ కేసులు.

ఈ ప్రాజెక్టును రెజ్యూమే నుంచి తీసేయకు. వచ్చే ఇంటర్వ్యూలో ఆ 1,200 నువ్వే కొట్టి చూపించు.