అల్లుడూ, ముందు క్రాన్ ఆపు

అల్లుడికి ఆశీస్సులు.

రాత్రి ఫోన్లో నువ్వు చెప్పినదాంట్లో సగం వాన హోరులో కొట్టుకుపోయింది. కింది అంతస్తులోకి నీళ్ళొచ్చి మెయిల్ సర్వర్ మునిగిందనీ, 60 మంది ఖాతాలు అందులోనే ఉన్నాయనీ, సిరిమాను పండగలోగా అంతా నిలబెట్టమని మీ పెద్దలు నెత్తిన కూర్చున్నారనీ మాత్రం అర్థమైంది. ఫోన్లో చెబితే నువ్వు మర్చిపోతావు, నేను దాటేస్తాను. అందుకే రాస్తున్నాను. మీ అమ్మకి ఇదంతా చెప్పకు. మా అప్పకి సర్వర్ మునిగినా నువ్వు మునిగినా ఒకటే కంగారు.

ఈ ఉత్తరం మిగతాది చదివేలోపే ఒక పని చెయ్యి. రాత్రిపూట వేళకి తనంతట తానే లేచి బ్యాకప్ తీసే ఏర్పాటు, అదే క్రాన్, ఆపెయ్యి. అది నడిపేది ఆర్‌సింక్, ఇక్కడి ఫైళ్ళని అక్కడికి నకలు చేసే ప్రోగ్రాము. అందులో డిలీట్ ఆప్షన్ కూడా ఉంది, నేనే పెట్టమన్నాను. ఇక్కడ లేనిదాన్ని అక్కడా తీసెయ్యడం దాని పని. రేపు నువ్వు కొత్త డిస్కు మీద అదే పేరుతో ఖాళీ ఫోల్డరు పెట్టావే అనుకో, రాత్రికి అది లేచి చూసి, ఏమీ లేదు గదా అని బ్యాకప్‌ని కూడా శుభ్రంగా ఊడ్చేస్తుంది. దానికి వరదలు తెలీవు. ఆపాక ఆ బ్యాకప్‌కి ఇంకో నకలు తీసి, పనంతా నకలు మీదే చెయ్యి. విత్తనాలకని దాచిన ధాన్యంలో చెయ్యి పెట్టం కదా, అలాగే.

తడిసిన డిస్కులకి కరెంటు ఇవ్వకు. "ఒక్కసారి పెట్టి చూద్దాం" అని ఎవడో ఒకడు అంటాడు. ఒప్పుకోకు. పైన ఆరినట్టే ఉంటుంది, బురద లోపల ఉంటుంది. వాటిని ఒక సంచిలో కట్టి పేరు రాసి పక్కన పెట్టు. తర్వాత చూసుకోవచ్చు.

ఇక తొందర సంగతి. గంట ఆలస్యమైతే గంట మెయిళ్ళు పోయాయని మీ పెద్దలు అనుకుంటున్నారు. పోవు. నీ సర్వర్ తలుపు తియ్యకపోతే పంపినవాళ్ళ సర్వర్ ఆ ఉత్తరాన్ని తన దగ్గరే దాచుకుని మళ్ళీ మళ్ళీ వచ్చి తడుతుంది. నాలుగైదు రోజులైనా ప్రయత్నించాలని ప్రమాణాల్లోనే రాసి ఉంది. ఉత్తరాలు పంపి పుచ్చుకునే ప్రోగ్రాము పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజులు చూస్తుంది. కొన్ని సర్వర్లు 2 రోజులకే విసుగెత్తి వెనక్కి పంపేస్తాయి, అదీ నిజమే. అంటే నీ చేతిలో రెండు రోజులు నిబ్బరంగా ఉన్నాయి. ఇంటర్నెట్ చిరునామాల పుస్తకం డీఎన్‌ఎస్‌లో మీ ఉత్తరాలు ఏ సర్వర్‌కి రావాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డు మాత్రం తీసెయ్యకు. తలుపు మూసుంటే మళ్ళీ వస్తారు, ఆ చిరునామాయే లేదంటే వెంటనే తిరుగుటపా కొడతారు.

తలుపు మూసి ఉండటం కంటే సగం తెరవడమే ప్రమాదం. కొత్త సర్వర్ పెట్టి, ఖాతాలు ఇంకా ఎక్కించకుండా ఉత్తరాలు లోపలికొచ్చే తలుపు, అదే 25వ పోర్టు, తీశావంటే, వచ్చిన ప్రతి ఉత్తరానికీ "ఇలాంటి మనిషి లేడు" అని 550 చెబుతుంది. అది ఆఖరి మాట, ఇక పంపినవాడు మళ్ళీ ప్రయత్నించడు. అందుకని పోస్ట్‌ఫిక్స్‌లో సాఫ్ట్ బౌన్స్ అనే సెట్టింగుని ఎస్ అని పెట్టు. అప్పుడు లేడు అనాల్సిన చోట "తర్వాత రా" అంటుంది. అంతా కుదిరాక దాన్ని తీసెయ్యడం మర్చిపోకు.

ఇప్పుడు నా సిగ్గుమాలిన కథ. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. అప్పట్లో నేను ఆ పక్కనే ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాడిని. రేకులు లేచిపోయి వాన నేరుగా సర్వర్ మీద పడింది. బ్యాకప్ డిస్కులు రెండు. ఒకటి ఆ గదిలోనే బీరువాలో ఉండేది, అదీ తడిసింది. రెండోది శనివారం శనివారం శ్రీకాకుళం ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. 70 కిలోమీటర్ల పైమాటే, దారి పొడుగునా చెట్లు పడి ఉన్నాయి, ఫోన్లు లేవు. ఎలాగో ఆ డిస్కు పట్టుకుని ఆఫీసు చేరాను. జనరేటరు మీద పాత కంప్యూటరొకటి సర్వర్‌గా నిలబెట్టాను. గర్వంగానే ఉంది.

వచ్చిన ఉత్తరాల్ని జనానికి చూపించే ప్రోగ్రాము డోవ్‌కాట్ నడుస్తోందో లేదో చూద్దామని, బ్యాకప్ ఎక్కించకముందే ఐమ్యాప్, అంటే వాళ్ళు ఉత్తరాలు చూసుకునే దారి, తెరిచాను. యజమాని ల్యాప్‌టాప్ పక్కనే తెరిచి ఉంది. అందులో ఉత్తరాలు చదివే ప్రోగ్రాము థండర్‌బర్డ్ కొత్త సర్వర్‌ని పలకరించింది. పెట్టె ఖాళీ అంది సర్వర్. సరే అని ఇదీ తన దగ్గరున్న ఉత్తరాలన్నీ తీసేసింది. మేమిద్దరం చూస్తూనే ఉన్నాం. నా డిస్కు శనివారం నాటిది, తుఫాను వచ్చింది గురువారం. మధ్యలో నాలుగు రోజుల ఉత్తరాలు ప్రపంచంలో ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే మిగిలాయి. వాటిని తుఫాను తీసుకెళ్ళలేదు అల్లుడూ, నేను తీసేశాను. ఆయన ఒక్కమాట అనలేదు. అంటేనే బాగుండేది.

అందుకే చెబుతున్నాను. ఐమ్యాప్, ఉత్తరాల్ని కంప్యూటర్‌కి దింపుకునే పాత దారి పాప్, వీటి పోర్టులు నాలుగూ ఫైర్‌వాల్‌లో మూసి ఉంచు. ఉత్తరాలు లోపలికి రావచ్చు, ఎవరూ చూడకూడదు. ఆ సందులో అందరి కంప్యూటర్లకీ తిరిగి, థండర్‌బర్డ్ అయినా అవుట్‌లుక్ అయినా ముందు ఆఫ్‌లైన్‌లో పెట్టి, నీ ఆఖరి బ్యాకప్ తర్వాత వచ్చిన ఉత్తరాల్ని ఆ కంప్యూటర్‌లోనే వేరే ఫోల్డరులోకి తీయించు. ఫోన్లని నమ్ముకోకు, చాలా ఫోన్లలో తలకట్టు మాత్రమే ఉంటుంది. 60 మంది దగ్గరికి తిరగడం విసుగే. తిరుగు.

పాత ఉత్తరాలు ఎక్కించేటప్పుడు ముందు నీ ఒక్కడి ఖాతాతో మొదలెట్టు. సర్వర్ ఉత్తరాల్ని దాచే పద్ధతి మెయిల్‌డిర్‌లో ఉత్తరానికో ఫైలు, ఏ పేరూ రెండోసారి రాదు. కాబట్టి ఈలోపు వచ్చిన కొత్తవాటితో పాతవి కలిసినా ఒకదాని మీద ఒకటి పడవు. అయితే డోవ్‌కాట్ రాసుకున్న ఇండెక్స్ ఫైళ్ళు, యూఐడీ లిస్టు బ్యాకప్ నుంచి తేకు. అందులో ప్రతి ఉత్తరానికీ ఒక నంబరుంటుంది. పాత జాబితా తెచ్చావంటే, పోయిన వారం ఒక ఉత్తరానికి ఇచ్చిన నంబరునే రేపు వచ్చే ఇంకోదానికి ఇస్తుంది. అప్పుడు మీ అకౌంటెంటు ఒకరి ఉత్తరం నొక్కితే ఇంకొకరిది తెరుచుకుంటుంది. కొత్త సర్వర్ అప్పటికే తనంతట తాను ఒక జాబితా రాసుకుని ఉంటుంది, దాన్ని అలాగే ఉంచు. అందరి కంప్యూటర్లూ మొదటి నుంచీ దింపుకుంటాయి, మొదటి రోజు నెట్ ముక్కుతుంది, అంతే. పాప్ వాడే పాతకాలం వాళ్ళకి ఉత్తరాలు రెండేసి వస్తాయి. ముందే చెప్పి ఉంచు, లేకపోతే నిన్నే తిడతారు.

బ్యాకప్‌లో పోస్ట్‌ఫిక్స్ క్యూ ఫోల్డరు కూడా ఉంటే దాని జోలికి పోకు. అందులో ఉన్నవి ఆ రాత్రి బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నవి, ఈపాటికి చేరిపోయి ఉంటాయి. మళ్ళీ పెడితే పాత ధరల కొటేషన్లు రెండోసారి వెళ్తాయి.

ఫైళ్ళని పెన్‌డ్రైవు మీద మోసుకెళ్దామని చూడకు. మెయిల్‌డిర్ పేర్లలో కోలన్ గుర్తు (:) ఉంటుంది, పెన్‌డ్రైవు ఫార్మాటు ఫ్యాట్32 అయితే దాన్ని ఒప్పుకోదు. అన్నిటినీ ఒకే ఫైలుగా మూటగట్టి, అదే టార్ కట్టి, తీసుకెళ్దామంటే ఒక్కో ఫైలూ 4 జీబీ దాటకూడదు. లైనక్స్ ఫార్మాటు చేసిన డిస్కు వాడు. ఎక్కించాక లాగ్‌లో పర్మిషన్ డినైడ్ అని కనిపిస్తే, ఆ ఫైళ్ళ యజమాని నంబరు పాత సర్వర్‌లో ఒకటి, కొత్తదాంట్లో ఇంకొకటి అన్నమాట.

ఐపీ చిరునామా మారితే, మీ పేరుతో ఏ సర్వర్ ఉత్తరాలు పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు మార్చు, ఐపీని బట్టి సర్వర్ పేరు చెప్పే రివర్స్ డీఎన్‌ఎస్ కోసం నెట్ ఇచ్చేవాళ్ళకి ఇవాళే రాయి, వాళ్ళకి టైము పడుతుంది. పంపే ఉత్తరాల మీద మీ ముద్ర వేసే డీకిమ్ తాళం బ్యాకప్‌లో ఉందేమో వెతుకు. లేకపోతే కొత్తది చేసుకోవచ్చు, అదేం ఏడవాల్సిన విషయం కాదు.

నీ ఖాతా ఎక్కాక బ్యాకప్ వైపు ఫైళ్ళు ఎన్ని, సర్వర్ వైపు ఎన్ని లెక్కపెట్టు. ఆ తేడా ఈలోపు వచ్చిన కొత్త ఉత్తరాలంతే ఉండాలి. ఎక్కువైనా తక్కువైనా ఐమ్యాప్ తెరవకు. నేను ఐదింటికే లేస్తాను, మీ అత్త ఇంకా ముందే లేస్తుంది. ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసుకుని అప్పుడు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య