అమెరికాలో బిజినెస్ చదువుతానంటున్న మా అమ్మలుకి

తెనాలి

అమ్మలూ,

నువ్వు ఎం.ఎస్.కి అప్లై చేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో సంతోషం ఎంత ఉందో భయమూ అంతే ఉంది. నా సంగతీ అంతే. బి.కాం. చదివి, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, ఎవరూ పక్కన కూర్చోబెట్టి చెప్పకుండానే జీఆర్ఈకి చదివి మంచి స్కోరు తెచ్చుకున్నావు. మీ నానమ్మ బతికుంటే ఈపాటికి వీధి వీధంతా చెప్పి వచ్చేది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎనిమిది యూనివర్సిటీల లిస్టు చూశాను. చూసిన దగ్గర్నుంచీ మనసు కుదురుగా లేదు. బ్యాంకులో పనిచేసినన్నాళ్లూ ఎడ్యుకేషన్ లోను ఫైళ్లు చూసినవాణ్ణి. పిల్లలు వెళ్లేటప్పుడు స్వీటు పెట్టి సంతకాలు చేసిన తల్లిదండ్రులే, వాయిదాలు తప్పాక నా టేబుల్ ముందు తల వంచుకుని కూర్చోవడం చూశాను. అందుకే ఈ ఉత్తరంలో చదువు కన్నా అప్పు మాటే ఎక్కువ వినిపిస్తుంది. ఏమీ అనుకోకు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ట్రాన్‌స్క్రిప్టుల (యూనివర్సిటీ ఇచ్చే మార్కుల పత్రాల) కోసం నాగార్జున యూనివర్సిటీలో ఇప్పుడే దరఖాస్తు పెట్టు. ఎస్ఓపీ, అంటే ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే వ్యాసం, నువ్వే రాసుకో, ఇంకొకళ్ల చేత రాయించకు. పాస్‌పోర్టు గడువు ఒకసారి చూసుకో. నీది మూడేళ్ల డిగ్రీ కాబట్టి కొన్ని యూనివర్సిటీలు నాలుగేళ్ల చదువే కావాలంటాయి. ఫీజు కట్టకముందే అడ్మిషన్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకో.

ఇక అసలు సంగతి. మీ బావ విషయం నీకు సగమే తెలుసు. అప్పుడు నువ్వు చిన్నదానివి, పెద్దవాళ్లం నీ ముందు మాట్లాడేవాళ్లం కాదు. రాసే ముందు వాణ్ణి అడిగాను. "రాయి మావయ్యా, దానికి పనికొస్తే చాలు" అన్నాడు.

2015లో వాడు వెళ్లింది ఎంబీఏకి. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు మూడు పేర్లు చూపించి, "ఇందులో ఐ-20 త్వరగా వస్తుంది" అంటే అదే ఖాయం చేసుకున్నాడు. ఐ-20 అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం. యూనివర్సిటీ దొంగది కాదు, మంచిదే. గుర్తింపు ఉంది, ప్రొఫెసర్లు ఉన్నారు, వీడికి మార్కులూ బాగానే వచ్చాయి. తప్పంతా ఐ-20 మీద ప్రోగ్రామ్ పేరు పక్కన ఉండే చిన్న నంబరులో ఉంది. కోర్సు ఏ విభాగానికి చెందుతుందో చెప్పే ఆ నంబరును సిప్ కోడ్ అంటారు. వాడి ఐ-20 మీద ఉన్నది 52.0201, అంటే మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్. అది స్టెమ్ లిస్టులో, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల ప్రభుత్వ లిస్టులో లేదు. చదువు అయ్యాక పనిచేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ అందరికీ 12 నెలలు. స్టెమ్ లిస్టులో ఉన్న కోర్సు చదివినవాళ్లకు 2016 నుంచి ఇంకో 24 నెలలు పొడిగింపు ఉంది. వాడి రూమ్మేటు కూడా అదే బిజినెస్ స్కూల్లోనే చదివాడు, ఫీజు కూడా దాదాపు అంతే. కానీ అతని కోర్సు కోడ్ 52.1301, మేనేజ్‌మెంట్ సైన్స్. అది లిస్టులో ఉంది.

వాడికి డల్లాస్‌లో ఉద్యోగం కూడా వచ్చింది. కంపెనీ హెచ్-1బికి, అంటే అక్కడ ఉద్యోగం చేసుకునే వీసాకి, దరఖాస్తు వేసింది. 2018 ఏప్రిల్‌లో లక్షా తొంభై వేల దరఖాస్తులు వచ్చాయి. ఉన్నవి 85 వేలు: అందరికీ కలిపి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20 వేలు. లాటరీలో వీడి పేరు రాలేదు. రూమ్మేటుకీ ఆ ఏడు రాలేదు, మరుసటి ఏడూ రాలేదు, మూడోసారి వచ్చింది. వీడికి మూడోసారి కాదు కదా, రెండోసారి కూడా లేదు. ఓపీటీ అయిపోయాక 60 రోజుల గడువు మాత్రమే ఉంటుంది. మంచం, కుర్చీలు ఎవరికో ఇచ్చేసి ఆగస్టులో వచ్చేశాడు.

శంషాబాద్‌కి తీసుకురావడానికి నేనూ మీ మావయ్యా వెళ్లాం. కారులో ఎవరం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మీ అత్తయ్య వాడికిష్టమని గోంగూర పచ్చడి, ముద్దపప్పు చేసింది. వాడు రెండు ముద్దలు తిని లేచాడు. డాలర్లలో జీతం వస్తుందని లెక్కేసి తీసుకున్న అప్పు, ఇక్కడ రూపాయల్లో కట్టాల్సి వచ్చింది. మీ మావయ్య కాలవ కింద ఎకరం అమ్మాడు. అది వాళ్ల నాన్న ఇచ్చిన పొలం. ఆ మాట ఆయన ఏనాడూ కొడుకుతో అనలేదు, ఇప్పటికీ అనడు. వాడు మాత్రం చాలాకాలం పెళ్లిళ్లకీ పేరంటాలకీ రాలేదు. "ఎప్పుడొచ్చావ్, మళ్లీ ఎప్పుడు వెళ్తున్నావ్" అని ఎవరో ఒకరు అడుగుతారని. ఇప్పుడు గచ్చిబౌలిలో మంచి ఉద్యోగమే చేస్తున్నాడు, నీకు తెలిసిందే. ఆ మధ్య కాలం మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ కడుపునిండా తిండి లేదు, కంటినిండా నిద్ర లేదు.

ఒక నంబరు, అమ్మలూ. అప్లికేషన్ పెట్టే ముందు ఒక ఈమెయిల్‌తో తెలిసిపోయే నంబరు.

నీ లిస్టులో ఫైనాన్స్ ఉన్నాయి, బిజినెస్ అనలిటిక్స్ ఉన్నాయి, ఒక ఎంబీఏ కూడా ఉంది. మామూలు ఫైనాన్స్ కోడ్ 52.0801, అది స్టెమ్ కాదు. బిజినెస్ అనలిటిక్స్ 30.7102, ఫైనాన్షియల్ అనలిటిక్స్ 30.7104, ఈ రెండూ 2022లో లిస్టులో చేరాయి. ఒకే పేరున్న కోర్సుకు ఒక యూనివర్సిటీ ఒక కోడ్, ఇంకో యూనివర్సిటీ ఇంకో కోడ్ పెడతాయి. కాబట్టి పేరు చూసి మోసపోకు. ఎనిమిదింటికీ కోడ్ అడిగి పక్కన రాసుకో. అలాగే ఆ స్కూలుకు ఏఏసీఎస్‌బీ (బిజినెస్ స్కూళ్లకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉందో లేదో వాళ్ల సైట్లో నువ్వే వెతుక్కో. లాభాపేక్షతో నడిచే సంస్థ అయితే వద్దు. ఆ అదనపు 20 వేల కోటా ప్రభుత్వ యూనివర్సిటీల్లోనో, లాభాపేక్ష లేని వాటిలోనో చదివినవాళ్లకే.

అయినా హెచ్-1బినే నమ్ముకుని యూనివర్సిటీ ఎంచుకోకు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. అది ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో అర్థమయ్యేసరికి ఎన్ని ఇళ్లలో నిద్రలు పోయాయో. నువ్వు చదువు పూర్తిచేసేసరికి రూల్సు ఎలా ఉంటాయో వాళ్లకే తెలియదు. కాబట్టి నా లెక్క ఒక్కటే: చదువైన మర్నాడే తిరిగి వచ్చేయాల్సి వచ్చినా, ఇక్కడి జీతంతో తీర్చగలిగే అప్పే చెయ్యి.

కాగితం తీసుకుని చూడు. ఫీజూ ఖర్చులూ కలిపి 60 వేల డాలర్లు అనుకో. డాలరు 85 రూపాయలు వేసుకున్నా 51 లక్షలు. మీ బావ వెళ్లినప్పుడు డాలరు 65 దగ్గర ఉండేది. 50 లక్షల అప్పుకి పదిన్నర శాతం వడ్డీతో పదేళ్లకు నెల వాయిదా 67 వేలు దాటుతుంది. చదువుకునేటప్పుడు కట్టక్కర్లేదు కదా అంటావేమో. కట్టక్కర్లేదు గానీ వడ్డీ ఆగదు. ఆ రెండేళ్లలోనే లక్షలు చేరి అసలుకు కలుస్తాయి. వీలైతే చదువుతుండగానే నెలనెలా వడ్డీ వరకు కట్టేద్దాం, ఆ భారం మీ నాన్నా నేనూ చూసుకుంటాం. నీ లిస్టులో మొదటి రెండు పేర్లు ఖరీదైనవి. ఎంత పేరున్నా, స్కాలర్‌షిప్ రాకపోతే వాటిని కొట్టెయ్. బాధగా ఉంటుందని తెలుసు.

పేరు కన్నా ఊరు చూడు. మినియాపాలిస్‌లో టార్గెట్ కంపెనీ హెడ్డాఫీసు ఉంది, ఆ ఊళ్లోనే కార్ల్‌సన్ బిజినెస్ స్కూలు ఉంది. సిన్సినాటిలో ప్రాక్టర్ అండ్ గాంబుల్, క్రోగర్ కంపెనీలు ఉన్నాయి. అక్కడి లిండ్నర్ స్కూల్లో బిజినెస్ అనలిటిక్స్ చెబుతారు. డల్లాస్ పక్కన రిచర్డ్‌సన్‌లో యూటీ డల్లాస్ ఉంది, చుట్టూ కంపెనీలే, మనవాళ్లూ ఎక్కువే. పైగా టెక్సస్‌లో రాష్ట్రం వసూలు చేసే ఆదాయపన్ను లేదు. పంట కాలవకు దగ్గరున్న పొలానికి నీళ్లు ముందు అందినట్టే, కంపెనీలున్న ఊళ్లో చదివిన పిల్లకు ఇంటర్న్‌షిప్ తొందరగా దొరుకుతుంది. ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య ఉన్న పెద్ద పేరు కన్నా ఇదే నయమని నా అభిప్రాయం. పర్డ్యూ యూనివర్సిటీ లాంటివి వేరే లెక్క, అక్కడికి కంపెనీలే వెతుక్కుంటూ వస్తాయి.

ప్లేస్‌మెంట్ రిపోర్టులు బ్యాలెన్స్ షీటు చదివినట్టు చదువు. నీకు నేర్పక్కర్లేదు. సగటు జీతం కాదు, మీడియన్ (వరసలో సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్ల జీతం) చూడు. మొత్తం ఎంతమందిలో ఎంతమంది వివరాలిచ్చారో చూడు. వీసా స్పాన్సర్‌షిప్ కావాల్సినవాళ్ల లెక్క విడిగా ఇచ్చారా, అందరితో కలిపేశారా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. విడిగా ఇవ్వకపోతే అడుగు. లింక్డ్‌ఇన్‌లో ఆ కోర్సు చదివిన మన పిల్లల్ని వెతికి, ఇప్పుడు ఎక్కడున్నారో నీ కళ్లతో నువ్వే చూసుకో.

ఇక నన్ను రాత్రిళ్లు లేపే భయం ఒకటుంది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసం కేసులో అధికారులు దాడులు చేశారు. అక్కడి విద్యార్థుల్లో ఎక్కువమంది మన ఆంధ్రా పిల్లలే. కొందరి కాళ్లకు ఎక్కడున్నారో కనిపెట్టే రేడియో ట్యాగులు కట్టారు. ఆ ఫొటోలు పేపర్లో చూసి, మా బ్రాంచికి వచ్చే ఒక తండ్రి కౌంటర్ దగ్గరే కూలబడిపోయాడు. అందులో తన కొడుకు లేడు, అయినా సరే. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని అధికారులే ఒక ఉత్తుత్తి కాలేజీ పెట్టి, చేరినవాళ్లను 2019లో పట్టుకున్నారు. వాళ్లలోనూ తెలుగువాళ్లు చాలామంది. క్లాసులు లేకుండా మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. అకౌంట్లో డబ్బు చూపించడానికి ఏజెంటు సర్దుబాటు చేస్తానంటే ఒప్పుకోకు. మన దగ్గర ఎంతుందో అంతే చూపిద్దాం. ఉచితంగా చేసిపెట్టే కన్సల్టెన్సీల్లో చాలావాటికి యూనివర్సిటీలే కమీషన్ ఇస్తాయి. వాళ్ల సలహా వినేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకో.

క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు. బయట గ్యాస్ స్టేషన్లోనో హోటల్లోనో నగదు తీసుకుని చేసే పని ఒక్కరోజు కూడా వద్దు. డబ్బు చాలకపోతే నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా ఎత్తుతాను. మీ నాన్నకు చెప్పలేనివి కూడా నాకు చెప్పు. చలిలో ఒక్కదానివే రాత్రి బస్సు కోసం నిలబడకు. క్యాంపస్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో గది చూసుకో, అద్దె ఓ వంద డాలర్లు ఎక్కువైనా సరే. మీ అమ్మ చిలుకూరులో మొక్కుకుందట, నానక్‌రామ్‌గూడలో వీసా ఇంటర్వ్యూ అవ్వగానే 108 ప్రదక్షిణలు చేయిస్తుంది, సిద్ధంగా ఉండు.

కోపంగా రాశానేమో. ఎనిమిది పేర్లూ కొట్టేయమనడం లేదు. చిన్నప్పుడు నా బ్యాంకుకొచ్చి, నోట్ల కట్ట లెక్కపెట్టే మిషన్ ముందు నిలబడి "అది తప్పు చెబితే ఎవరికి తెలుస్తుంది?" అని అడిగిన పిల్లవి నువ్వు. ఆ ప్రశ్న ఇప్పుడు ఈ ఎనిమిది యూనివర్సిటీలనూ అడుగు.

ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. ఆలోగా కోడ్‌లు, మొత్తం ఖర్చు, స్పాన్సర్‌షిప్ లెక్క ఒక షీటులో వేసి ఉంచు. మీ నాన్న ఇంటి పత్రాలు బీరువాలోంచి అప్పుడే తియ్యొద్దని చెప్పు. ముందు మనిద్దరం లిస్టు తేల్చుకుందాం.

నీ
పెదనాన్న