అమ్మ పోటీ చేస్తుంటే అబ్బాయి ఏ కోర్సు చదవాలి?

రామంతాపూర్ నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. కాలనీ సంక్షేమ సంఘం తరఫున నాలా గోడ కోసం, వీధి దీపాల కోసం ఏళ్ల తరబడి అధికారుల చుట్టూ తిరిగిన ఆమె, ఈసారి కార్పొరేటర్ పదవికి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడదలచారు. ఇంటర్ రెండో సంవత్సరం సీఈసీ చదువుతున్న కుమారుడిని ప్రైవేటు విశ్వవిద్యాలయంలో పబ్లిక్ పాలసీ (ప్రభుత్వ విధానాల అధ్యయనం) డిగ్రీలో చేర్చడం మేలా, అయిదేళ్ల న్యాయవిద్యలో చేర్చడం మేలా అని అడిగారు. 'రేపు నాకూ ఆసరాగా ఉంటాడు' అన్న మాట ఉత్తరంలో రెండు చోట్ల ఉంది.

అమ్మా, మీరు అడిగింది కోర్సు గురించే అయినా, పరీక్షల వేళ ఇంటిపట్టున ఉండలేనన్న బెంగ, ఓడిపోతే పిల్లవాడు నలుగురిలో తలెత్తుకోలేడేమోనన్న భయం ప్రతి పేరాలోనూ కనబడుతున్నాయి. 2020 డిసెంబరు గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో 150 డివిజన్లకు వెయ్యిమందికి పైగా పోటీ చేశారు. గెలవనివారి ఇళ్లలోనూ పిల్లలు మర్నాడు యథాప్రకారం కళాశాలకు వెళ్లే ఉంటారు. నాలా గోడ కోసం కొట్లాడిన తల్లి ఓట్లు అడగడం ఏ కొడుక్కూ నామోషీ కాదు. కనుక నిశ్చింతగా నిలబడండి.

అయితే పబ్లిక్ పాలసీని మొదటి డిగ్రీగా చదవడంపై నాకు చాలాకాలంగా అనుమానాలున్నాయి. ఇటీవల నా దగ్గరికి వచ్చే ప్రతి పదిమంది తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గురు ఆ పేరే చెబుతున్నారు. ఒక నాలాను వెడల్పు చేయాలంటే ఇళ్లు కోల్పోయేవారి హక్కులేమిటో చట్టం తెలిసినవాడు చెప్పాలి, ఖర్చెంతో లెక్క తెలిసినవాడు తేల్చాలి. ఈ రెండింటిలో ఏదీ గట్టిగా రాకుండా 'విధాన రూపకల్పన' నేర్చుకున్న కుర్రవాడు ఆ సమావేశంలో ఏ కుర్చీలో కూర్చుంటాడో నాకు బోధపడదు. ఎన్నికల వ్యూహ సంస్థల్లో కొలువులున్న మాట నిజమే కానీ, వాటిలో చాలావరకు ఎన్నికలతో వచ్చి ఎన్నికలతోనే పోతాయి. పార్లమెంటు సభ్యుల వద్ద పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్‌కు సైతం ఏ డిగ్రీ చదివినవారైనా, 25 ఏళ్లు దాటకుండా ఉంటే, దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ ద్వారం కోసం ఇప్పుడే లక్షల రూపాయల ఫీజు కట్టనక్కరలేదు.

ఇక మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. కిందటి ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి కుమారుడు నా దగ్గరికి వచ్చాడు. చంకలో ఓటర్ల జాబితా కట్ట, అందులో తమవైపున్న ఇళ్లకు పచ్చ సిరా, ఎటూ తేలనివాటికి ఎర్ర సిరా గుర్తులు. ఏ వీధిలో ఎన్ని ఓట్లున్నాయో గడగడా చెప్పిన ఆ పిల్లవాడు, జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష అయిన క్లాట్ దరఖాస్తు గడువు రెండు రోజుల కిందటే ముగిసిందన్న సంగతి నేను చెబితేగాని తెలుసుకోలేదు. మీ 'ఆసరా' అన్న మాట చదవగానే ఆ పచ్చ సిరా గుర్తుకొచ్చింది. మీరు పదవి కోరుకున్నారు, అది మీ ఇష్టం; దానికి కార్యకర్తను ఇంట్లోనే తయారు చేసుకుంటానంటే మాత్రం తప్పు మీదే. ఫ్లెక్సీ మీద అతడి ఫొటో వేయకండి, డివిజన్ వాట్సాప్ గ్రూపుల బాధ్యత అప్పగించకండి. అంతకన్నా ముఖ్యంగా, ఫీజు కోసం దాచిన డబ్బు ముట్టుకోకండి. గత గ్రేటర్ ఎన్నికల్లో అభ్యర్థి ఖర్చు పరిమితి 5 లక్షల రూపాయలు. ఆ మొత్తం చాలా కళాశాలల్లో ఒక డిగ్రీ మొత్తానికి సరిపోతుందని మీకూ తెలుసు.

మీరడిగిన పోలిక విషయానికొస్తే, ఈ రెండింటిలో నేను న్యాయవిద్యవైపే మొగ్గుతాను. షామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి క్లాట్, ఉస్మానియా పరిధిలోని కళాశాలలకు రాష్ట్ర న్యాయవిద్య ప్రవేశ పరీక్ష లాసెట్ రాయాలి. సీటు రాకపోతే నిజాం కళాశాలలో అర్థశాస్త్రం ఉన్న బీఏ ఏమాత్రం తీసికట్టు కాదు. మీరు గెలిచినా ఓడినా ఈ చదువుల విలువ మారదు.

అన్నట్టు, రెండు పేజీల ఉత్తరంలో మీ అబ్బాయికి ఏది ఇష్టమో ఎక్కడా రాయలేదు. మలి ఉత్తరం అతడినే రాయమనండి.