గోడ పగలగొట్టే ముందు పాలసీ తీసి చదవండి

ప్రశ్న: సముద్రం ఒడ్డున మాకో పాత ఇల్లుంది. లోపలి గోడలు కొన్ని తీసేసి, నీళ్ల వైపు నిలువెత్తు అద్దాలు పెట్టి హంగుల్లేని మినిమలిస్ట్ పద్ధతిలో మార్చాలనుకుంటున్నాం. ఎఫ్‌డీలు, అత్యవసరాలకు దాచినది కలిపితే సగం ఖర్చు వస్తుంది. మిగతాది పర్సనల్ లోన్, చాలకపోతే క్రెడిట్ కార్డు. తర్వాత ఇల్లు అద్దెకిచ్చి ఈఎమ్‌ఐలు కట్టొచ్చా?

జవాబు: అద్దాల ఎత్తు దాకా రాశారు, బీమా ఊసే ఎత్తలేదు. ఇంటికి మెరుగులు దిద్దుకునేవాళ్లలో చాలామంది చేసే పొరపాటే ఇది.

పాలసీ ఉన్నా అది పాత ఇంటి లెక్కకు తీసుకున్నది. మార్పుల తర్వాత ఇంటిని మళ్లీ కట్టడానికి 100 అవుతుందనుకోండి, పాలసీ 50కే ఉందనుకోండి. తుపానుకు 20 నష్టమైతే, యావరేజ్ క్లాజు (విలువలో ఎంత వంతుకు బీమా ఉందో నష్టంలోనూ అంత వంతే ఇచ్చే షరతు) ఉన్న పాలసీలో మీకొచ్చేది 10. పైగా పని జరిగే నెలల్లో ఇల్లు ఖాళీ. 30 లేదా 60 రోజులు దాటి ఖాళీగా ఉంటే రక్షణ తగ్గించే పాలసీలున్నాయి. గోడలు తీస్తున్నట్టు కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పండి. వరద నష్టం వర్తిస్తుందో లేదో కూడా అడిగి, జవాబు కాగితం మీదే తీసుకోండి.

బీమా కట్టివ్వనిది ఇంకోటుంది: తుప్పు. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగి చువ్వలను తినేస్తుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి స్లాబు పెచ్చులూడుతుంది. అరుగుదల కింద లెక్కేసి క్లెయిమ్ తిరస్కరిస్తారు. ఇవన్నీ పాత ప్లాస్టరింగ్ పగలగొట్టాకే బయటపడతాయి. అప్పటికి మీ దగ్గర అత్యవసర నిధి ఉండదు, అద్దాలకు అడ్వాన్సుగా వెళ్లిపోయి ఉంటుంది! మినిమలిజం చవకనే భ్రమ కూడా వద్దు. గోడ వంకరను కప్పే స్కర్టింగ్, బీడింగ్ తీసేస్తే, పాత గోడలన్నీ నూలు పట్టినట్టు సరిచేయాలి. ఆ కూలీ తక్కువేం కాదు.

కాబట్టి 6 నెలల ఇంటి ఖర్చు ముట్టుకోకండి. అంచనా మీద ఇంకో 20 శాతం విడిగా పెట్టుకోండి. అంత లేకపోతే ఈ ఏడాది పైకప్పు, చెమ్మ వరకే చేయించుకోండి.

క్రెడిట్ కార్డుతో ఇల్లు బాగుచేయడమా? దాని మీద నేను చర్చ పెట్టను. ఇంకా రాని అద్దెను నమ్ముకుని పర్సనల్ లోన్ తీసుకోవడమూ అంతే.

కట్టడం గట్టిదనం చూసే స్ట్రక్చరల్ ఇంజినీరు రిపోర్టు, బీమా కంపెనీ జవాబు చేతికొచ్చాక మళ్లీ రాయండి. అద్దాల సంగతి అప్పుడు చూద్దాం.