ఈ కెర్నల్ ఎవరు బిల్డ్ చేశారు?

ప్రశ్న: మా కాలేజీలో లినక్స్ సర్వర్లను ముగ్గురం చూసుకుంటాం. పాత నెట్‌వర్క్ కార్డును నడిపే డ్రైవర్ కోసం కెర్నల్‌ను (లినక్స్‌లోని మూల ప్రోగ్రామ్‌ను) సోర్స్ కోడ్ నుంచి మేమే కంపైల్ చేస్తాం, అంటే బిల్డ్ చేస్తాం. ఏ మెషీన్‌లో ఎవరి బిల్డ్ నడుస్తోందో తెలియక ఒకటే టెన్షన్. ఎక్సెల్ షీట్ పెట్టినా ఎవరూ నింపడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: షీట్ నింపలేదని మీవాళ్లను కోప్పడకండి. అర్ధరాత్రి సర్వర్‌ను లేపే పనిలో ఉన్నవాళ్లకు షీట్ గుర్తుకురాదు. ఆ వివరాలను కెర్నలే మోసుకు తిరగాలి.

ముందు పేరు సంగతి చూడండి. ఇద్దరు ఒకే వెర్షన్‌ను పేరు మార్చకుండా బిల్డ్ చేస్తే, రెండో వారి మాడ్యూల్స్ (అవసరమైనప్పుడు కెర్నల్‌లోకి లోడయ్యే డ్రైవర్ల లాంటి ముక్కలు) మొదటి వారి డైరెక్టరీ మీదే పడతాయి. నడుస్తున్న కెర్నల్ పాతది, డిస్క్‌లో మాడ్యూల్స్ కొత్తవి. అప్పటికి అంతా బాగానే ఉంటుంది. ఎప్పుడో ఎవరో పెన్‌డ్రైవ్ పెడితే, దాని మాడ్యూల్ లోడ్ కానని మొరాయించవచ్చు. అందుకే కాన్ఫిగ్‌లో (బిల్డ్‌కు ముందు ఎంచుకునే సెట్టింగుల జాబితాలో) లోకల్ వెర్షన్ అనే ఆప్షన్‌లో ప్రతి బిల్డ్‌కూ వేరే పేరు ఇవ్వండి. టెర్మినల్‌లో యూనేమ్ మైనస్ ఆర్ (uname -r) కమాండ్ కొట్టగానే అది కనిపిస్తుంది.

యూనేమ్ మైనస్ వీ చూపించే #3 లాంటి నంబర్‌ను మాత్రం నమ్మొద్దు. అది ఆ ఒక్క సోర్స్ డైరెక్టరీలో వేసుకున్న లెక్క. మీ ముగ్గురి దగ్గరా మూడు వేర్వేరు #3లు ఉండొచ్చు. ప్రాక్ (/proc, నడుస్తున్న కెర్నల్ తన వివరాలు చూపించే డైరెక్టరీ) కింద ఉన్న వెర్షన్ ఫైల్‌లో బిల్డ్ చేసిన యూజర్, మెషీన్ పేర్లుంటాయి. అందరూ రూట్‌గా (అన్ని అధికారాలున్న అడ్మిన్ లాగిన్‌తో) కంపైల్ చేస్తే అక్కడా రూట్ అనే ఉంటుంది. ఎవరి లాగిన్‌లో వాళ్లు చేయండి.

ఆప్షన్ల విషయానికొస్తే, ఐకేకాన్ఫిగ్, ఐకేకాన్ఫిగ్ ప్రాక్ రెండూ ఆన్ చేయండి. నడుస్తున్న కెర్నల్ తన కాన్ఫిగ్‌ను ప్రాక్ కింద కాన్ఫిగ్ డాట్ జీజెడ్‌గా తనే చూపిస్తుంది. కాన్ఫిగ్‌ను గిట్‌లోనూ (ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే టూల్‌లోనూ) పెట్టండి. ఆ సెట్టింగులుండే డాట్ కాన్ఫిగ్ ఫైల్‌ను కెర్నల్ సోర్స్‌లోని గిట్ పట్టించుకోదు కాబట్టి వేరే పేరుతో కాపీ చేసి కమిట్ చేయాలి (గిట్‌లో నమోదు చేయాలి). ఎందుకు మార్చారో కమిట్‌లో ఒక్క వాక్యం రాస్తే చాలు.

నన్నడిగితే, ఒక్క డ్రైవర్ కోసం సొంత కెర్నల్ వద్దు. దాని సోర్స్ విడిగా దొరికితే డీకేఎంఎస్‌లో (కెర్నల్‌కు బయటి డ్రైవర్లను బిల్డ్ చేసిపెట్టే టూల్‌లో) పెట్టండి. మీ డిస్ట్రో (ఉబుంటు లాంటి లినక్స్ ప్యాకేజీ) ఇచ్చే కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడల్లా అదే మళ్లీ కంపైల్ చేసుకుంటుంది. కొత్త కెర్నల్‌కు ఆ సోర్స్ సరిపడకపోతే బిల్డ్ ఫెయిలవుతుంది. కాబట్టి అప్‌డేట్ అయ్యాక, రీబూట్‌కు ముందు డీకేఎంఎస్ స్టేటస్ ఒకసారి చూసుకోండి.