పెళ్లయ్యాక కూడా దాంపత్యం అపవిత్రమనిపిస్తే

సహోదరీ, వందనాలు. వివాహమై ఏడాది దాటినా భర్తతో కలిసినప్పుడల్లా ఏదో పాపం చేసినట్టు అనిపిస్తోందనీ, ఆయనేమో ఉపవాస ప్రార్థన పేరుతో నెలల తరబడి దూరంగా ఉంటున్నారనీ, ఇదే పరిశుద్ధత అయితే దేవుడు వివాహాన్ని ఎందుకు నియమించాడనీ మీరు అడిగారు. మావారూ నేనూ మా సంఘంలో వివాహానికి సిద్ధపడే జంటలతో కొన్నేళ్లుగా మాట్లాడుతున్నాం. మీరు రాసినంత సూటిగా కాకపోయినా, ఈ బాధను చాలామంది నోట విన్నాం.

యవ్వనస్థుల కూడికల్లో మనం ఎక్కువగా వినేది జారత్వానికి దూరంగా పారిపొమ్మన్న మాట, యజమాని భార్య పట్టుకున్నప్పుడు పై వస్త్రం విడిచి పారిపోయిన యోసేపు కథ. ఆ బోధ సరైనదే. వివాహానికి బయట శారీరక సంబంధం కూడదని క్రీస్తు సంఘం మొదటినుంచీ చెబుతూనే ఉంది. అయితే అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణపు సంఘానికి రాసిన మొదటి పత్రికలో, జారత్వానికి దూరంగా పారిపొమ్మన్న మాట ఉన్న ఆరో అధ్యాయాన్ని పదే పదే చదివించి, దాని వెంటనే ఉన్న ఏడో అధ్యాయాన్ని పెళ్లినాటికి కూడా తెరవకపోతే, ఏళ్లపాటు భయంగా విన్న విషయం తాళి కట్టించుకున్న మర్నాడు ఆనందంగా ఎలా మారుతుంది?

ఏడో అధ్యాయం ఆరంభంలో ఉన్న "స్త్రీని ముట్టకుండుట పురుషునికి మేలు" అన్న వాక్యం కొరింథువారు పౌలుకు తమ ఉత్తరంలో రాసి పంపినదేనని చాలామంది వ్యాఖ్యాతలు భావిస్తారు. అంటే మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న వాదన అప్పుడే ఉందన్నమాట. దానికి పౌలు ఇచ్చిన జవాబులో భార్య పట్ల భర్త నెరవేర్చవలసిన ధర్మం ముందు వస్తుంది, భార్య ధర్మం ఆ తరువాత వస్తుంది. మా జంటల తరగతిలో నాలుగో వచనాన్ని రెండుగా విడదీసి చదివిస్తాం. భార్య శరీరంపై భర్తకు అధికారం ఉందన్న భాగాన్ని అమ్మాయీ, భర్త శరీరంపై భార్యకు అధికారం ఉందన్న భాగాన్ని అబ్బాయీ పైకి చదవాలి. మొదటి సగం అందరికీ కంఠతా వచ్చు, రెండో సగం దగ్గరకు వచ్చేసరికి ఒక అబ్బాయి ఆగిపోయి, "ఇది నిజంగా ఇక్కడే ఉందా ఆంటీ?" అని నా బైబిలులో కూడా చూసుకున్నాడు. మొదటి సగాన్ని మాత్రమే పట్టుకుని భార్యను బలవంతపెట్టేవారికి ఈ వాక్యంలో ఏ ఆధారమూ లేదని కూడా అక్కడే చెబుతాం.

దాంపత్యాన్ని హీనంగా చూడడమే ఎక్కువ భక్తి అనుకునేవారు తరువాతి కాలంలోనూ ఉన్నారు. నాలుగో శతాబ్దంలో నేటి టర్కీలోని గంగ్ర పట్టణంలో సమావేశమైన బిషపులు, వివాహాన్ని నిందించేవారినీ, భర్తతో కాపురం చేసే విశ్వాసురాలిని అసహ్యించుకునేవారినీ తాము చేసిన మొదటి నియమంలోనే ఖండించారు. దంపతుల పానుపు నిష్కల్మషంగా ఉండాలని బైబిలులోని హెబ్రీ పత్రిక చెప్పేది కూడా వ్యభిచారం దానిని మలినం చేయకూడదనే. భార్యాభర్తల కలయిక వల్ల అది మలినమవుతుందని ఆ పత్రిక అనదు.

నమ్మకత్వం గురించి కూడా ఒక మాట. మోహపుచూపుతో చూసేవాడు హృదయంలో అప్పుడే వ్యభిచరించాడని యేసు ప్రభువు చెప్పినప్పుడు బాధ్యతను చూసేవాడి మీదే ఉంచాడు (ఆడపిల్లల దుస్తుల మీద ప్రసంగాలు చేసేవారు ఇది గమనించాలి). మా దగ్గరకు వచ్చిన జంటల్లో తప్పటడుగు తరచుగా మాటలతోనే మొదలైంది: భార్యకు చెప్పవలసిన కష్టాన్ని మరొకరికి చెప్పుకోవడం, ఆ సందేశాలను ఫోనులో చెరిపేయడం. మీవారిని నేను అనుమానించడం లేదు గానీ, దంపతులు ఎడబాటులో ఉంటే శోధన వస్తుందని పౌలే హెచ్చరించాడు.

అందుకే ఆ హెచ్చరిక ఉన్న ఏడో అధ్యాయం ఐదో వచనాన్ని ఇద్దరూ కలిసి చదవండి. ప్రార్థన కోసం దూరంగా ఉండడానికి అందులో మూడు షరతులున్నాయి: ఇద్దరి సమ్మతి, కొంతకాలం మాత్రమే, ఆపైన తిరిగి కలుసుకోవడం. ఈసారి ఆయన ఉపవాసం అన్నప్పుడు, ఎప్పటినుంచి ఎప్పటివరకు అన్నది ఇద్దరూ మాట్లాడుకుని నిర్ణయించుకోండి, మీకు సమ్మతి లేకపోతే ఆ మాట చెప్పండి. ఆయన వినకపోతే మీ సంఘ కాపరినీ, ఆ కాపరి భార్యనూ కలవండి. భయం గానీ నొప్పి గానీ మిమ్మల్ని విడవకపోతే వైద్యురాలిని సంప్రదించడానికి వెనుకాడవద్దు.